మసకగా ఉన్నవన్నీ తుడిచేశాను

పని ఏమిటంటే

సినిమా పోస్టర్లు తయారుచేసే ఆఫీసులో ముప్పై ఏళ్ళకు దగ్గరగా పనిచేశానని చెప్తే, "అయితే బొమ్మలు బాగా వేస్తారన్నమాట" అంటారు ఎదుటివాళ్ళు. నాకు బొమ్మలు రావు. పెళ్ళైన కొత్తలో నేను వేసిన ముగ్గును మా అత్తగారు కాలితో చెరిపి మళ్ళీ తనే వేసుకునేది. నా పని తుడవడం. ఫొటో మీద పడ్డ దుమ్ము, వెంట్రుక, గీత, వేలిముద్ర, హీరోయిన్ గడ్డం మీద ఆ పొద్దునే లేచిన మొటిమ, హీరో వెనకాల పొరపాటున నిలబడ్డ లైట్‌మ్యాన్ మోచెయ్యి, ఇవన్నీ లేకుండా చెయ్యాలి. లేకుండా చేశామని ఎవరికీ తెలియకూడదు. దీన్నే రిటచింగ్ అంటారు. బాగా చేస్తే ఒక్కరూ గమనించరు, ఒక్క చోట తప్పితే ఊరంతా చూస్తుంది.

మోతీనగర్‌లో మా ఎదురింటి అమ్మాయి ఈ మధ్య ఇదే పనిలో చేరింది. "ఆంటీ, ఇప్పుడు అంతా కంప్యూటరే చేస్తది, ఒక్క బటన్ నొక్కుడే" అంది. సంతోషం. నేను జీరో నంబరు కుంచె కొసను నాలుకతో తడిపి పదును చేసుకుంటూ నేర్చుకున్నాను. ఆ రంగు చేదు ఇప్పటికీ గుర్తుంది. అయితే ఏం తుడవాలో, ఏం తుడవకూడదో తేల్చే బటన్ ఇంకా వచ్చినట్టు లేదు. అందుకే ఆ అమ్మాయి కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతులు రాయను, ఎందుకంటే లేవు. చేరిన కుర్చీలోనే రిటైరయ్యాను, మధ్యలో దాని దూది రెండుసార్లు మార్చారు.

శేషగిరి గారి నలుపు

మా యజమాని శేషగిరి గారు. పరిశ్రమతో పాటు మద్రాసు నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద ఒక మందుల షాపు పైన రెండు గదులు తీసుకున్నారు. గట్టిగా మాట్లాడగా నేను విన్నది తక్కువ. కాని నలుపు దగ్గర మాత్రం ఆయన్ని మించిన చండశాసనుడు లేడు. నేను చేరిన రోజున ఒక ఫొటో చేతిలో పెట్టారు. అందులో మనుషులు లేరు, వస్తువులు లేవు, నల్లటి తెర ఒక్కటే ఉంది.

"ఏం కనపడుతోందమ్మా?"

"ఏం లేదు సార్. నల్లగ ఉంది."

"ఇంకోసారి చూడు."

భూతద్దం పెట్టి చూస్తే మినప్పప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. సాయంత్రం దాకా వాటినే పూడ్చాను. ఆయన వచ్చి చూసి పదకొండు మిగిలాయన్నారు. మర్నాడు మళ్ళీ అదే ఫొటో. వారం రోజులు నాకు ఆ నలుపు తప్ప వేరే పని ఇవ్వలేదు.

ఆ వారంలోనే ఒక సూత్రం చెప్పారు. "పదునుగా ఉంటే బొమ్మ, మసకగా ఉంటే మురికి." కెమెరా కళ్ళు మనిషి మీద ఉంటాయి, అందుకని మనిషి పదునుగా వస్తాడు. దుమ్ము ఏ అద్దం మీదో, ఎక్కడో దారిలో కూర్చుంటుంది కాబట్టి మసకబారుతుంది. అనుమానం వస్తే అంచు చూడు, అంచు లేకపోతే తుడిచెయ్. ఇదీ ఆయన పాఠం. నేను దాన్ని మంత్రంలా పట్టుకున్నాను.

అలా పట్టుకోవడానికి ఒక కారణం ఉంది. చేరిన రెండో ఏట ఒక సినిమాకు, చీకటి ఆకాశం ముందు హీరో నిలబడ్డ పోస్టరు చేశాం. నేను ఒక మచ్చ వదిలేశాను. పోస్టరు మీద అది ఆవగింజంత. దాన్ని యూసుఫ్‌గూడ చౌరస్తాలో హోర్డింగు కట్టేసరికి నిమ్మకాయంత అయింది, అదీ సరిగ్గా హీరోగారి చెవి పక్కన. నిర్మాత మనిషి ఆఫీసుకొచ్చి, అది అపశకునమనీ, సినిమా పోతే పాపం మాదేననీ అరిచాడు. శేషగిరి గారు లేచి నిలబడి, "చివర చూసింది నేనే, నాదే తప్పు" అన్నారు. నా పేరు ఎత్తలేదు. సినిమా పోయింది, దానికి ఆ నిమ్మకాయ ఒక్కటే కారణం కాదు గాని, నా మటుకు నాకు అదే కారణం. ఆ తర్వాత నేను వదిలిన నలుపు మీద మచ్చ చూపిస్తే పందెం కడతాననే దాకా వెళ్ళాను. పొగరు కూడా అక్కడే మొదలైంది.

గుంటల ముఖం

కొత్తవాళ్ళకు ఇంకొకటి చెప్పాలి, నవ్వుకోవడానికైనా.

విలన్ వేషాలు వేసే ఒకాయన ముఖం నిండా చిన్నప్పటి మశూచి గుంటలు. ఒక పోస్టరులో ఆయన ముఖం పెద్దగా వస్తుంటే, పాపం అని నేను గుంటలన్నీ పూడ్చి పెరుగు తోడుపెట్టినట్టు చేశాను. పోస్టరు గోడలెక్కిన రెండో రోజు ఆయనే మెట్లెక్కి వచ్చారు. కోపంగా లేరు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగారు.

"అమ్మాయ్, మా పిల్లలే నన్ను గుర్తుపట్టలేదు. మధురానగర్‌లో ఇల్లు కట్టానంటే ఈ గుంటలు పెట్టిన భిక్షే కదా. అవి పూడ్చేస్తే రేపు నాకు వేషం ఎవడిస్తాడు చెప్పు?"

అప్పట్నుంచి ముఖాల విషయంలో అడగందే కుంచె పెట్టలేదు. మచ్చ ఉంచాలా, తియ్యాలా అని అడిగి ఒక చీటీ మీద రాయించుకునేదాన్ని. కాని అడగడం ముఖాల వరకే అనుకున్నాను. ముఖం వెనకున్న నలుపు గురించి అడగాలని నాకు తోచలేదు. ఎవరికి మాత్రం తోస్తుంది? నలుపంటే ఏమీ లేని చోటే కదా అనుకున్నాను.

చిల్లు మీద చదువు

కంప్యూటర్లు వచ్చాయి. శేషగిరి గారు ఇల్లు తాకట్టు పెట్టినంత పని చేసి, పెద్ద ఫిల్ములు పట్టే స్కానరు కొన్నారు. అప్పట్లో ఊళ్ళో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఆ స్కానరు ఉందని ఎవరో కృష్ణానగర్‌లో చెప్పగా, ఒక అమ్మాయి గొడుగంత గొట్టం చంకలో పెట్టుకుని మా మెట్లెక్కింది. పేరు నీరజ, సిద్దిపేట దగ్గర పల్లె, యూనివర్సిటీలో ఆకాశం గురించి పరిశోధన చేస్తోంది.

"అక్కా, గీ ఫిల్ము మీ స్కానర్ల పెట్టనీకి అయితదా? మా తాన చిన్నది ఉంది, దాంట్ల పట్టదు. జర భద్రంగ పట్టుకోవాలె, మా సారు పానం దీంట్లనే ఉంది."

గొట్టంలోంచి బల్ల వెడల్పు ఫిల్ము షీటు తీసింది. లైటు మీద పెడితే లెక్కలేనన్ని చుక్కలు. ఏదో పెద్ద టెలిస్కోపుతో తీసిన ఆకాశం ఫొటోకు నకలట.

"ఏముంది గిందుల? అన్నీ చుక్కలే గదా," అన్నాను.

"అట్టు పోస్తం గదక్కా, మీద చిల్లులు పడ్తయి సూడు. గెలాక్సీలు గట్లనే ఉంటయి. పిండి ఉన్న కాడ కుప్పలు కుప్పలు. చిల్లుల కాడ ఏం ఉండయి. ఒక్క చిల్లు ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలంటే వెలుగుకే పది కోట్ల ఏండ్ల పైన పడ్తది. నాది గా చిల్లు మీద చదువు."

"చిల్లు మీద పీహెచ్‌డీనా?"

"మా అమ్మ కూడ గిట్లనే నవ్వుతది."

శేషగిరి గారికి ఆసక్తి పుట్టి కుర్చీ ఇటు తిప్పారు. "ఏమీ లేని చోట వెతకడానికేముంటుందమ్మా?"

"మొత్తానికే లేదని ఎవ్వరు చెప్పలేరు సార్. ఆడొకటి ఈడొకటి ఒంటిగ ఉంటయి. కుప్పల ఉన్నయి ఒకదాన్నొకటి గుంజుకుంటయి, గుద్దుకుంటయి, పెద్దది చిన్నదాన్ని మింగుతది. ఒంటిగ ఉన్నదాని జోలికి ఎవ్వరు పోరు. గది ఎట్ల పుట్టిందో గట్లనే పెరుగుతది. అట్లాంటిది ఒక్కటి దొరికినా చాలు సార్, మస్తు తెలుస్తది."

ఫొటో చూస్తే ఆ చిల్లు ఖాళీగా కనిపించదని కూడా చెప్పింది. దానికి ఇవతల మన నక్షత్రాలు, అవతల ఇంకా దూరపు గెలాక్సీలు అడ్డం పడతాయి. అన్నిటినీ స్కానులో ఏరి, ఒక జాబితా రాసి, టెలిస్కోపుతో ఒక్కొక్కదాని వెలుగును రంగులుగా విడదీస్తే అది ఎంత దూరంలో ఉందో, చిల్లు లోపల ఉందో లేదో తేలుతుంది. దక్షిణాన ఒక కొండ మీదున్న టెలిస్కోపులో వేసవి మొదట్లో ఐదు రాత్రులు ఆమె గైడు చేతిలో ఉన్నాయి. జాబితా బాగుంటే అవి నీరజకు. ఆమె స్కాలర్‌షిప్‌కు అదే ఆఖరి ఏడు.

"చుక్కలు మాత్రం ముట్టకుండ్రి అక్కా," అని రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

ముట్టలేదు. స్కాన్ చేసి నెగటివును పాజిటివుగా తిప్పగానే నా కళ్ళ ముందు నల్లటి ఆకాశం నిలిచింది. అబ్బ, ఎంత మురికి! పదునైన చుక్కల మధ్య అక్కడక్కడ మసక మచ్చలు, దూది పోగుల్లాంటివి, బూజు పట్టినట్టున్నవి. ఏదో పాత ఫిల్ము, ఎన్ని చేతులు పడిందో అనుకున్నాను. ఆమె స్కాన్ చెయ్యమంది గాని శుభ్రం చెయ్యమనలేదు. అయినా పల్లె నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్ల, మన చేతనైన సాయం చేద్దామని రెండు రోజులు కూర్చున్నాను. ఒక్క నక్షత్రం చెరగకుండా, పక్క నలుపు తెచ్చి పూస్తూ, మసకగా ఉన్నవన్నీ తుడిచేశాను. నా మొత్తం ఉద్యోగంలో అంత శుభ్రమైన నలుపు చెయ్యలేదు. శేషగిరి గారు చూసి తల ఊపారు. ఆయన తల ఊపడం అంటే మాకు పండగ.

అప్పట్లో కంప్యూటర్లలో చోటు తక్కువ. తుడిచినదాన్ని తుడవనిదాని మీదే భద్రపరిచాను. నీరజ ఫిల్మునూ, స్కాను ఎక్కించిన సీడీనీ తీసుకుని, రెండు చేతులా దండం పెట్టి వెళ్ళింది.

శుక్రవారం

నెల గడిచింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం మా అన్నాల వేళకు నీరజ మళ్ళీ వచ్చింది. చెయ్యి ఖాళీ, ముఖం పీక్కుపోయి ఉంది. డబ్బా మూత తీసి తినమన్నాను. ముద్ద కలుపుతూ కూర్చుందే గాని నోట్లో పెట్టుకోలేదు.

"అయిపోయిందక్కా. నా చిల్లుల ఏం లేదు. పెద్దయి, నడుమ పదునుగ మెరిసేయి నాలుగు దొరికినయి, గవ్వి అందరికి ముందుగాల్నే ఎరుక. సోమవారం జాబితా ఇయ్యాలె. 'నాలుగింటి కోసం ఐదు రాత్రులు ఎట్లియ్యాలె నీరజా' అన్నడు సారు. ఇంకో పిల్లగానికి ఇస్తడంట. ఆయన తప్పు లేదు."

"మరి నువ్వు ఫిల్ములో చూడలేదా?"

"సూసిన. భూతద్దం పెట్టి సూస్తే ఏవో ఉన్నట్టె అనిపించినయి. స్కాన్‌ల సూస్తే లేవు. నా కండ్లే మోసం జేసినయి అనుకున్న. మీరు ఎంత మంచిగ చేసి ఇచ్చిండ్రో, దాంట్ల లేదంటే లేనట్టే గదా."

ఎందుకో అప్పటికే అనుమానం తగిలింది.

"నీకు కావాల్సినయి చుక్కలే గదా? నేను ఒక్క చుక్క కూడ ముట్టలే," అన్నాను.

"చుక్కలు మన దగ్గరి నక్షత్రాలక్కా. ముట్టొద్దన్నది గందుకే, కొలతలకు గవ్వి గుర్తులు. గెలాక్సీలు గట్ల పదునుగ ఉండయి. మసకగ, దూదిపింజ లెక్క ఉంటయి."

నేను తుడిచినవి అవే. చెయ్యి కడుక్కుంటానని లోపలి గదిలోకి వెళ్ళాను. శేషగిరి గారు అంతా విన్నారు, నా వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"సుగుణమ్మా, చెప్పకు. ఆ పిల్లకి అనుమానం కూడా రాలేదు. మొదటి స్కాను ఎందుకో సరిగా రాలేదని చెప్పి ఇంకోసారి చేసిచ్చేద్దాం. మనది నమ్మకం మీద నడిచే పని. అడక్కుండా తుడిచారని బయటికి పొక్కితే రేపు ఒక్కడు ఫొటో ఇవ్వడు."

ఆయన చెడ్డవాడు కాదు. హోర్డింగు మచ్చను తన నెత్తిన వేసుకున్న మనిషి. ఆఫీసును కాపాడుకోవడం ఆయన ధర్మం అనుకున్నారు. అయినా ఆ మాట తప్పు, అది ఆయనకే చెప్పాను.

"సార్, స్కాను చెడిపోయిందంటే మిషన్ మీద పోతది. గానీ ఆ పిల్ల నెల నుంచి తన కండ్లే చెడిపోయినయి అనుకుంటుంది, ఎందుకో ఎరుక లేకపోతే గా అనుమానం పోదు. గది నేను చూస్తా ఊకోలేను."

బయటికొచ్చి నీరజ ఎదురుగా కూర్చుని చెప్పాను. దుమ్మనుకున్నాను, మసకగా ఉన్నవన్నీ నా చేత్తో తుడిచాను, అసలు స్కాను కూడా మిగల్చలేదు, నీ కళ్ళు సరిగ్గానే ఉన్నాయి అని. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. చాలాసేపు బల్ల మీది మెతుకుల్ని ఒక్కొక్కటే వేలితో ఏరి డబ్బాలో వేసింది.

"అన్నీనా అక్కా?"

"అన్నీ."

"మరి ఉండె గదా అవి," అంది. అప్పుడు ఏడ్చింది. అది బాధతో ఏడ్చిన ఏడుపు కాదని నాకు తర్వాత తెలిసింది. నెల రోజులుగా తనను తాను నమ్ముకోని మనిషి ఏడుపు అది.

రెండు షీట్లు

శనివారం పొద్దున్నే నీరజ ఫిల్ము తెచ్చింది. దానితో పాటు ఇంకొకటి కూడా. ఆకాశంలో ఆ భాగాన్నే వేరే రోజు, వేరే రంగు అద్దం పెట్టి తీసినది. స్కాన్లు మళ్ళీ చేశాం, ఈసారి నేను మౌస్ ముట్టలేదు. కాని ఇంకో చిక్కు వచ్చింది. మసక మచ్చలన్నీ గెలాక్సీలేం కావు. అందులో నిజంగా దుమ్మూ ఉంది, బూజూ ఉంది. జాబితాలో దుమ్ము పేరు రాస్తే టెలిస్కోపు గంటసేపు ఉత్త చీకటిని చూసి వస్తుంది. ఐదు రాత్రుల్లో అలాంటి గంటలు పోగొట్టుకునే వీలు లేదు.

దానికి నీరజ చెప్పిన కిటుకు ఇది. రెండు షీట్లలోనూ ఒకే చోట ఉన్నది ఆకాశం. ఒక్క షీటులోనే ఉన్నది మురికి. వినడానికి సులువు. చెయ్యడానికి మెడలు విరిగిపోయాయి. కొన్ని మచ్చలు ఒక రంగులో బాగా కనిపించి రెండో రంగులో ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. అక్కడ నా విద్య పనికొచ్చింది. నూలు పోగు ఎలా వంగుతుందో, తడి ఆరిన మరక అంచు ఎలా ముదురుతుందో, వేలి జిడ్డు ఎలా పాకుతుందో నాకు తెలిసినట్టు ఆ పిల్లకు తెలియదు. నేను మురికి గుర్తుపట్టేదాన్ని, ఆమె గెలాక్సీ గుర్తుపట్టేది. ఇద్దరమూ ఒప్పుకుంటేనే జాబితాకెక్కేది.

మధ్యాహ్నానికి శేషగిరి గారు కుర్చీ లాక్కుని వచ్చి మా పక్కన కూర్చున్నారు. ఆయన కన్ను మా ఇద్దరి కంటే గట్టిది. మేం దాటేసినవి మూడు పట్టారు. ఆదివారం ఆయనే ఇంటి నుంచి ఉప్మా తెచ్చారు. శుక్రవారం నాటి మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఒక్క మచ్చ దగ్గర మాత్రం గొడవైంది. షీటు మూల దగ్గర, ఉందా లేదా అన్నట్టు, పాలచుక్క నీళ్ళలో కలిసినట్టు. రెండు షీట్లలోనూ ఉంది.

"ఇది బూజు," అన్నాను.

"రెండిట్ల ఉంది గదక్కా."

"రెండు ఒక్క గొట్టంల చుట్టిపెట్టిండ్రు గదా. దీని బూజు దానికి అంటుకుంది. ఇట్లాంటియి నేను వెయ్యి చూసిన. రాయకు, ఒక గంట దండగ."

అప్పటికే నా తప్పు నెత్తి మీద ఉంది. ఆమెకు ఇంకో నష్టం కాకూడదని పట్టుబట్టాను. శేషగిరి గారు కూడా బూజే అన్నారు. నీరజ మా మాట కాదనలేక, తన కన్ను వదులుకోలేక, దాన్ని జాబితాలో అన్నిటికంటే అడుగున రాసింది. టైముంటేనే చూస్తానంది.

ఆ సాయంత్రం నేను ఆమె గైడుకు తెలుగులో ఒక ఉత్తరం రాశాను. మొదటి స్కానులో మచ్చలు తుడిచింది నేననీ, అడక్కుండా తుడిచాననీ, విద్యార్థిని కళ్ళలో లోపం లేదనీ రాసి సంతకం చేశాను. కింద ఆఫీసు ముద్ర వెయ్యనా అని శేషగిరి గారిని అడిగాను. ఆయనే తీసుకుని వేశారు. మా దగ్గరికి వచ్చే పని ఏమీ తగ్గలేదు. తగ్గినా ఆ ముద్ర వేసేవాళ్ళమని ఇప్పుడు గొప్పగా చెప్పుకోవచ్చు గాని, ఆ రోజు ఇద్దరికీ భయంగానే ఉంది.

అడుగున రాసింది

ఐదు రాత్రులూ నీరజకే ఇచ్చారు. రెండు మబ్బు పట్టి పోయాయట. మిగిలిన మూడింట్లో జాబితాలో ఉన్నవాటిని వరసగా చూసుకుంటూ వెళ్ళింది. చాలావాటి దూరం లెక్క కట్టాక చిల్లుకు అవతలివని తేలింది. అలాగే అవుతుందని ఆమె ముందే చెప్పింది. అయినా ఆ కబురు ఫోనులో విన్నప్పుడు నాకు అన్నం సయించలేదు.

ఎండలు ముదిరాక ఒక రోజు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రెండేసి మెట్లు ఎక్కుతున్న చప్పుడు. నీరజ వచ్చి బల్ల మీద ఒక కాయితం పరిచింది. దాని మీద వెలుగును విడదీసి గీసిన వంకరటింకర గీత ఒకటి, మధ్యలో ఒక చిన్న శిఖరం, దాని పక్కన పెన్నుతో చుట్టిన సున్న.

"లోపట ఉన్నయి మూడు దొరికినయి అక్కా. రెండు అంచుల కాడ ఉన్నయి. ఇది ఒక్కటి నడిమిట్ల ఉంది. దీని చుట్టు ఎంత దూరం పోయినా ఇంకోటి లేదు. సారు రెండుసార్లు లెక్క చేయించిండు."

"ఏది ఇది? పైన రాసినమే, గదేనా?"

నీరజ చెప్పాలా వద్దా అన్నట్టు శేషగిరి గారి వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది.

"అడుగున రాసిందక్కా. ఆఖరి రాత్రి తెల్లారంగ జర టైం మిగిలింది. మీరు బూజన్నది."

మొదటిసారి తెలియక తుడిచాను. దానికి ఉత్తరం రాశాను, ముద్ర వేయించాను, మనసు తేలిక చేసుకున్నాను. రెండోసారి అంతా తెలిసి, దాన్ని భూతద్దం కింద పెట్టుకుని, వెయ్యి చూశానని చెప్పి మళ్ళీ తుడవబోయాను. ఈసారి చేతిలో మౌస్ లేదు, నోటితో తుడిచాను. కళ్ళ నీళ్ళు ఆగలేదు. ముప్పై ఏళ్ళలో ఆఫీసులో నేను ఏడ్చింది ఆ ఒక్కసారే.

నీరజకు ఏం చెయ్యాలో తోచలేదు. నన్ను ఓదార్చడానికి నవ్వుతూ, "ఏందక్కా, చిన్నపిల్ల లెక్క. మీరు తుడిస్తే గది పోతదా? ఎన్నో కోట్ల ఏండ్ల నుంచి ఆడనే ఉంది, ఆడనే ఉంటది," అంది.

పోదు, నిజమే. నేను తుడిచినా, తుడవకపోయినా అది అక్కడ వెలుగుతూనే ఉంటుంది. తుడిచేస్తే మాత్రం దాన్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళే ఉండరు.